ఉద్యోగం చేస్తూ అమెరికా ఆన్‌లైన్ ఎంఎస్: అసలు ఖర్చెంత?

ప్రశ్న: జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో ఈసీఈ చదివాను. ఐదేళ్లుగా హైదరాబాద్‌లో ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికి నెలకు 95 వేలు వస్తాయి, ఇంటి లోన్ ఈఎంఐ 28 వేలు. ఉద్యోగం మానకుండా అమెరికా యూనివర్సిటీలో ఆన్‌లైన్ ఎంఎస్ చేద్దామనుకుంటున్నాను. ఒకరు ఏడెనిమిది వేల డాలర్లలో అయిపోతుందంటారు, ఇంకొకరు అరవై వేలంటారు. నిజంగా ఎంతవుతుంది? ఎడ్యుకేషన్ లోన్ తీసుకోమంటారా? డల్లాస్‌లో హెచ్-1బీ మీద ఉన్న మా అన్నయ్య కూడా ఇదే చేద్దామంటున్నాడు. ఆయనకూ ఇదే లెక్కా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: మీకు చెప్పినవాళ్లిద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ చెప్పింది ట్యూషన్ ఫీజు మాత్రమే. మీ జేబులోంచి పోయే మొత్తం దానికన్నా 15 నుంచి 25 శాతం ఎక్కువ ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాం, మీ పరిస్థితిలో లోన్ వద్దు. జీతంలోంచి కోర్సుకో కోర్సుగా కట్టుకోగలిగిన ప్రోగ్రామ్‌నే ఎంచుకోండి. ఎందుకో లెక్కలతో చూడండి.

అమెరికాలో ఎంఎస్ ధరను క్రెడిట్లలో చెబుతారు. మామూలుగా డిగ్రీకి 30 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు పది. జార్జియా టెక్ 2014 జనవరిలో ఆన్‌లైన్ ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ మొదలుపెట్టినప్పుడు మొత్తం ఏడు వేల డాలర్ల లోపే పెట్టింది. ఫీజు సవరణలు జరిగినా ఇప్పటికీ పది వేల లోపే ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు కోర్సుకు వెయ్యి డాలర్లు, మొత్తం పది వేలు. బౌల్డర్‌లోని కొలరాడో యూనివర్సిటీ ఆన్‌లైన్ పాఠాల వేదిక కోర్సెరా ద్వారా నడిపే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఎంఎస్‌కు ప్రకటించిన రేటు క్రెడిట్‌కు 667 డాలర్లు, 30 క్రెడిట్లకు 20,010. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ లాంటి ప్రైవేట్ సంస్థల్లో క్రెడిట్‌కే రెండు వేలు దాటుతుంది. మీకు ఎవరో చెప్పిన అరవై వేలు అక్కడిదే. ఈ రేట్లను ఏటా సవరిస్తుంటారు కాబట్టి అప్లై చేసే రోజు యూనివర్సిటీ సొంత పేజీలో ఉన్న అంకెనే నమ్మండి.

తక్కువ ధర అంటే తక్కువ డిగ్రీ అనుకోవద్దు. జార్జియా టెక్ ఆన్‌లైన్ విద్యార్థికి ఇచ్చే పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు, క్యాంపస్‌లో చదివినవాళ్లకు ఇచ్చే డిగ్రీనే ఇస్తారు. ఒకే రికార్డు చేసిన పాఠం వేలమందికి చేరుతుంది, దిద్దడం టీచింగ్ అసిస్టెంట్లు చూసుకుంటారు కాబట్టి అంత తక్కువకు ఇవ్వగలుగుతున్నారు. అరవై వేల ప్రోగ్రామ్‌లో చిన్న క్లాసులు, ప్రొఫెసర్‌తో నేరుగా మాట్లాడే వీలు దొరుకుతాయి. కానీ ఆ మాట్లాడే సమయం అమెరికా ఈస్టర్న్ టైమ్‌లో సాయంత్రం ఏడు గంటలైతే మీకు వేసవిలో తెల్లవారుజామున 4:30, చలికాలంలో 5:30. మీరు రోజూ వాడుకోలేని సౌకర్యానికి యాభై వేల డాలర్లు అదనంగా కట్టడం మాకు సమంజసంగా అనిపించడం లేదు.

ఇక ట్యూషన్‌లో కనపడని ఖర్చులకు వద్దాం. డాలర్‌ను 90 రూపాయలుగా లెక్కేద్దాం.

అప్లికేషన్ ఫీజు ఒక్కో యూనివర్సిటీకి 75 నుంచి 100 డాలర్లు, చేరకపోయినా తిరిగి రాదు. ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ అడిగితే పద్దెనిమిది వేల దాకా. టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఎక్కడ అప్లై చేయాలో తేలకముందే రాయకండి. జేఎన్‌టీయూ ట్రాన్స్‌క్రిప్టులు, కొరియర్‌కు ఐదు వేలు పక్కన పెట్టండి. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే చిక్కు పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, లేదా సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అప్లికేషన్‌లో పాస్‌పోర్టు ప్రకారమే రాయండి. పరీక్షలు కెమెరా ముందు రాయాలి. సాఫ్ట్‌వేర్ ముందుగా మీ గుర్తింపు కార్డు చూపించమంటుంది, యూనివర్సిటీ రికార్డులో పేరుతో అది కలవకపోతే పరీక్ష రోజే ఇబ్బంది. పాస్‌పోర్టు సరిచేయించుకోవాల్సి ఉంటే ఆ పని అప్లికేషన్‌కు ముందే పూర్తి చేసుకోండి.

డబ్బు పంపడంలో పోయేది చాలామంది లెక్కలోకే రాదు. క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకు మార్కప్ 3.5 శాతం దాకా ఉంటుంది, దానిపై 18 శాతం జీఎస్టీ, రెండూ కలిపి 4.13 శాతం. కార్డు తీసుకున్నందుకు చాలా యూనివర్సిటీలు విడిగా ఇంకో మూడు శాతం దాకా కలుపుతాయి. వెయ్యి డాలర్ల కోర్సుకు అలా పోయేది సుమారు 6,500 రూపాయలు, పది కోర్సులకు 65 వేలు. బ్యాంకు నుంచి వైర్ ట్రాన్స్‌ఫర్ చేస్తే కమిషన్, స్విఫ్ట్ చార్జీ, మార్పిడి రేటులో బ్యాంకు మిగుల్చుకునేది, మార్పిడి మీద జీఎస్టీ (లక్ష రూపాయలకు 180) అన్నీ కలిపి మూడు వేల లోపు. అంటే సగం కన్నా తక్కువ.

వైర్‌లో ఉండే ప్రమాదం వేరు. మధ్యలో ఉండే కరస్పాండెంట్ బ్యాంకు 15 నుంచి 30 డాలర్లు కోసుకుంటుంది. వెయ్యి పంపితే 975 చేరుతుంది. 25 డాలర్లు బాకీ ఉందని సిస్టమ్ మీ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయవచ్చు, లేదా ఆలస్య రుసుము వేస్తుంది. ఫారంలో చార్జీలు ఎవరు భరిస్తారన్న చోట మూడు ఎంపికలుంటాయి. చార్జీలన్నీ పంపేవారివే అనే ‘అవర్’ గడిని టిక్ చేయండి, చార్జీలను పంపేవారికీ అందుకునేవారికీ పంచే ‘షా’ వద్దు. గడువుకు కనీసం ఏడు పనిదినాల ముందు పంపండి. రిమార్క్స్‌లో స్టూడెంట్ నంబరు రాయించడం మరవకండి. నంబరు లేకుండా చేరిన డబ్బు ఎవరిదో తేలేసరికి గడువు దాటిపోతుంది.

బ్రాంచికి వెళ్తే పాన్, విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు అయిన ఫారం ఏ2, యూనివర్సిటీ బిల్లు, అడ్మిషన్ లెటర్ తీసుకెళ్లండి. విదేశీ చదువు అనగానే కౌంటర్‌లో వీసా, దానికోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం అడుగుతారు. మీకు అవి ఉండవు, ఉండనక్కర్లేదు. విదేశానికి వెళ్లి చదివేవారి ఫీజుకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికి పంపుతున్నారో తెలిపే కోడ్) ఎస్ 0305. ఇంట్లో కూర్చుని చదివే విదేశీ కోర్సు ఫీజుకు ఎస్ 1107. ఈ రెండో కోడ్ చెప్పండి. విదేశాలకు పంపే సొమ్ము మీద బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను టీసీఎస్ 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షలు దాటిన భాగానికే వర్తిస్తుంది. కోర్సుకో కోర్సుగా కడితే మీరు ఆ గీత దగ్గరకు కూడా వెళ్లరు. ఒకవేళ దాటినా అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేరున కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కాకపోతే బ్యాంకువారు కోడ్‌ను చదువు కింద కాక ఇతర ఖర్చుల కింద వేస్తే ఆ భాగంపై 20 శాతం పట్టుకుంటారు, రిఫండ్ దాకా మీ డబ్బు అక్కడే ఆగిపోతుంది. అందుకే రసీదులో కోడ్ చూసుకున్నాకే కౌంటర్ వదలండి.

వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇంకొకటుంది. మధ్యలో వదిలేసిన కోర్సు. మూడు క్రెడిట్ల కోర్సుకు వారానికి 10 నుంచి 20 గంటలు కావాలి. ఆఫీసులో రిలీజు దగ్గర పడిందంటే ముందు కోతపడేది ఈ గంటలకే. సెమిస్టర్ మొదలైన మొదటి వారం, పది రోజుల్లో వదిలేస్తే చాలాచోట్ల ఫీజు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత ఉన్న ఒకే ఒక్క కోర్సును వదిలి సెమిస్టర్ మొత్తం మానుకుంటే కొంత భాగం రావచ్చు. రెండు కోర్సులు తీసుకుని ఒకటి వదిలితే చాలాచోట్ల రూపాయి కూడా రాదు. మార్కుల జాబితాలో వదిలేసినట్టు గుర్తుగా డబ్ల్యూ పడుతుంది, మళ్లీ చేయాలంటే మళ్లీ ఫీజు. కాబట్టి మొదటి సెమిస్టర్‌లో రెండు కోర్సులు తీసుకోవద్దు. మీ లాంటి పనిభారం ఉన్నవాళ్లు ఒక్కటే తీసుకోవాలి, అదీ ఆఫీసులో ఒత్తిడి తక్కువుండే నెలలు చూసుకుని.

దీనికి ఒక ఎదురు లెక్క ఉంది. ట్యూషన్ క్రెడిట్‌ను బట్టి పడుతుంది గానీ సెమిస్టర్ ఫీజు ఎన్ని కోర్సులు తీసుకున్నా ఒక్కటే. అది వంద డాలర్లుంటే, రెండేసి కోర్సులతో ఐదు సెమిస్టర్లలో ముగించేవారికి 500, ఒక్కొక్కటిగా పది సెమిస్టర్లు చదివేవారికి వెయ్యి. తేడా 45 వేల రూపాయలు. ఆ తేడా కోసం తొందరపడి ఒక కోర్సు పోగొట్టుకుంటే తొంభై వేలు పోతాయి. నెమ్మదిగా వెళ్లడమే చవక. అయితే గడువులు చూసుకోండి. జార్జియా టెక్‌లో మొదటి ఏడాదిలోపు రెండు ఫౌండేషన్ కోర్సుల్లో కనీసం బీ గ్రేడ్ తెచ్చుకోవాలి, డిగ్రీ ఆరేళ్లలో ముగించాలి. డిగ్రీ చేతికి రావాలంటే చాలాచోట్ల సగటు 3.0 ఉండాలి, అంటే ఒక్క సీ గ్రేడ్ వస్తే దాన్ని పూడ్చడానికి ఒక ఏ తెచ్చుకోవాల్సిందే.

ఈసీఈవాళ్లు కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో తడబడేది డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ దగ్గర. బీటెక్‌లో ఎలక్టివ్‌గా వదిలేసిన సబ్జెక్టులే మీకు ముందే వచ్చినట్టు అనుకుని ఇక్కడ మొదటి వారం నుంచే పాఠం నడుస్తుంది. చేరే ముందు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఆ మూడూ చదవండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తే ఒక్కోదానికి వెయ్యి రూపాయలు. తొంభై వేల కోర్సు చేజారకుండా చూసుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. ఇంకో మాట. అసైన్‌మెంట్ గడువు చాలా కోర్సుల్లో భూమ్మీద ఎక్కడైనా ఆదివారం ముగిసేలోపు అని పెడతారు. మన గడియారంలో అది సోమవారం సాయంత్రం 5:29. సోమవారం మధ్యాహ్నం సెలవు పెట్టుకోవడం తెలిసినవాళ్లు చేసే పని.

ఇప్పుడు మీ మొత్తం కూడదాం. పది వేల డాలర్ల ప్రోగ్రామ్‌కు ట్యూషన్ 9 లక్షలు. ఏడాదికి మూడు సెమిస్టర్లు, ఒక్కో కోర్సు చొప్పున 40 నెలలు. ఈలోగా రూపాయి బలహీనపడుతుంది. 2014లో డాలర్ అరవై, అరవై రెండు ఉండేదని గుర్తుంచుకోండి. అందుకు ఐదు శాతం, అంటే 45 వేలు. డబ్బు పంపే ఖర్చు 30 వేలు. అప్లికేషన్, ఇంగ్లిష్ పరీక్ష, కాగితాలు కలిపి 30 వేలు. ఒక కోర్సు మళ్లీ చేయాల్సి వస్తుందనుకుని 95 వేలు. మొత్తం 11 లక్షలు, నెలకు 27,500. ఇంటి ఈఎంఐ పోగా మీకు మిగిలే 67 వేలలోంచి ఇది కష్టమే గానీ సాధ్యమే.

ఎలక్ట్రికల్ ఎంఎస్ తీసుకుంటే ట్యూషన్ 18 లక్షలు, మిగతావి కలుపుకుంటే 21 లక్షల దాకా. ఎంబెడెడ్, పవర్ ఎలక్ట్రానిక్స్ కోర్సులకు బోర్డులు కొనాలి, అందుకు ముప్పై, నలభై వేలు వేరే పెట్టుకోండి. మీ పనికి దగ్గరైన చదువు ఇదే. బౌల్డర్‌లో పాత మార్కుల జాబితా అడగరు, ముందు నిర్ణయించిన కొన్ని కోర్సులు బీ సగటుతో పూర్తి చేస్తే అడ్మిషన్ వచ్చినట్టే. కోర్సులు ఒక్కో క్రెడిట్ ముక్కలుగా ఉంటాయి కాబట్టి తప్పినా పోయేది 667 డాలర్లు. ఈ చదువు మీకు నప్పుతుందా అని తక్కువ డబ్బుతో పరీక్షించుకోవచ్చు. కానీ 40 నెలల్లో ముగించాలంటే నెలకు 52 వేలు కావాలి. మీ ఇంటి బడ్జెట్ దాన్ని మోయలేదు.

అక్కడే లోన్ ఆలోచన వస్తుంది. ఆన్‌లైన్ డిగ్రీకి బ్యాంకులు వెనకాడతాయి, చివరకు ఫైనాన్స్ కంపెనీ దగ్గర తేలుతుంది. 18 లక్షలకు 12 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 31,800. మొత్తం కట్టేది 26.7 లక్షలు. ఆదాయపు పన్నులో వడ్డీకి మినహాయింపు ఉంది గానీ అసలుకు లేదు, పైగా పాత పన్ను విధానంలో ఉంటేనే. అన్నిటికన్నా ముఖ్యంగా, జీతంలోంచి కట్టేవారు మూడో కోర్సు దగ్గర ఆగిపోతే మూడు కోర్సుల డబ్బే పోతుంది. మొత్తం లోన్ తీసుకుని యూనివర్సిటీకి కట్టుకుంటూ పోయేవారు ఆగాలనుకున్నా ఆగలేరు.

ఈ డిగ్రీతో ఏం రాదో కూడా తెలియాలి. పూర్తిగా ఆన్‌లైన్ చదువుకు ఐ-20 రాదు, విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా రాదు, చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి ఓపీటీ ఉండదు. దీన్ని అమెరికా వెళ్లే దారిగా ఎవరైనా అమ్మజూపితే డబ్బు కట్టకండి. యూజీసీ 2025 ఏప్రిల్‌లో తెచ్చిన విదేశీ డిగ్రీల తుల్యత నిబంధనలు తరగతికి హాజరై చదివిన డిగ్రీలకు ఉద్దేశించినవి, ఆన్‌లైన్‌లో చేసినవాటికి కావు. కాబట్టి ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టో, ప్రభుత్వ ఉద్యోగమో, ఇక్కడ పీహెచ్‌డీనో మీ మనసులో ఉంటే ఈ దారి వద్దు. కంపెనీలో ఎదుగుదల కోసమైతే పనికొస్తుంది.

మన దేశంలో చేద్దామంటే బిట్స్ పిలానీ వర్క్ ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ నాలుగు సెమిస్టర్లు, మూడు లక్షలు కాస్త అటూ ఇటూ. ఉద్యోగంలో ఉండాలి, కంపెనీ ఒప్పుకోలు పత్రం కావాలి. ఎంబెడెడ్ సిస్టమ్స్ బ్రాంచి ఉంది, అమెరికా పేరు తప్పనిసరి కాకపోతే మీరు ముందు దీన్నే చూడాలి. ఐఐటీ కాన్పూర్ ఈమాస్టర్స్‌కు ఎనిమిది లక్షల దాకా అవుతుంది. ప్రైవేట్ యూనివర్సిటీ పేరుతో ఏజెంట్లు అమ్మే ఆన్‌లైన్ ఎంటెక్ జోలికి మాత్రం వెళ్లొద్దు. యూజీసీ 2020 నిబంధనలు ఆన్‌లైన్, దూరవిద్య పద్ధతిలో ఇంజినీరింగ్ డిగ్రీలను నిషేధించాయి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు డీమ్డ్ యూనివర్సిటీల దూరవిద్య ఇంజినీరింగ్ డిగ్రీల మీద ఇచ్చిన తీర్పుతో ఎందరో ఏళ్ల తరబడి పెట్టుకున్న ఖర్చు వృథా అయింది.

మీ అన్నయ్య లెక్క పూర్తిగా వేరు. హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చదవడానికి వీసా మార్చుకోనక్కర్లేదు. ముందు ఆయన కంపెనీలో ట్యూషన్ సాయం ఉందో లేదో కనుక్కోమనండి. ఉంటే అమెరికా పన్ను చట్టం సెక్షన్ 127 కింద క్యాలెండర్ సంవత్సరానికి 5,250 డాలర్ల దాకా పన్ను పడదు. 2026 తర్వాత ఆ పరిమితి ధరలతో పాటు పెరిగేలా చట్టాన్ని మార్చారు. ఆస్టిన్ ప్రోగ్రామ్‌లో ఏడాదికి ఐదు కోర్సులు చేసినా ఐదు వేలే, అంటే ట్యూషన్ మొత్తం కంపెనీ మీదే పోతుంది. బౌల్డర్ ఎలక్ట్రికల్ అయినా ఆగస్టులో మొదలుపెట్టి నాలుగు క్యాలెండర్ సంవత్సరాల మీద పరచుకుని, రెండేళ్లు ఏడేసి క్రెడిట్లు, రెండేళ్లు ఎనిమిదేసి తీసుకుంటే పరిమితి దాటేది మొత్తం మీద 172 డాలర్లే.

కంపెనీ షరతులు మాత్రం చదవాలి. చాలా కంపెనీలు బీ గ్రేడ్ వచ్చాకే డబ్బు తిరిగి ఇస్తాయి, ఏడాది రెండేళ్లలో మానేస్తే వెనక్కి కట్టమంటాయి. లేఆఫ్ చేసినా వెనక్కి కట్టాలా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కంపెనీ సాయం లేకపోతే లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే అమెరికా పన్ను రాయితీ ఉంది. సొంతంగా కట్టిన ట్యూషన్‌లో 20 శాతం, ఏడాదికి గరిష్ఠంగా రెండు వేల డాలర్లు పన్నులో తగ్గుతుంది. ఒంటరిగా రిటర్న్ వేసేవారి ఆదాయం 80 వేలు, దంపతులది 1,60,000 దాటితే ఇది తగ్గుతూ వచ్చి 90 వేలు, 1,80,000 దగ్గర పూర్తిగా పోతుంది. కంపెనీ పన్ను లేకుండా ఇచ్చిన డాలర్ల మీద ఈ క్రెడిట్ మళ్లీ అడగకూడదు. సెక్షన్ 127 పరిమితి చూసేటప్పుడు లెక్కలోకి వచ్చేది కోర్సు చదివిన ఏడాది కాదు, కంపెనీ డబ్బు ఇచ్చిన ఏడాది. ఫాల్ సెమిస్టర్ గ్రేడ్లు డిసెంబరు మూడో వారంలో వస్తాయి. ఆ సంవత్సరం పరిమితి అప్పటికే నిండిపోయి ఉంటే, బిల్లు జనవరిలో పెట్టడానికి కంపెనీ గడువు ఒప్పుకుంటుందేమో మీ అన్నయ్యను ముందే కనుక్కోమనండి.